ఫాక్సు దొరగారు, ఆయన పిల్లల ఓడప్రయాణము

మన తెలుగు సంఘ చరిత్రలో రెవరెండ్ హెన్రీ వాట్సన్ ఫాక్సు దొరగారిని రాబర్ట్ నోబుల్ గారితో జతగా తలంచుకొనుట వాడుక. ఆయన సేవను గూర్చి పలువురు వ్రాసియున్నారు. సూళ్లూరుపేట వారమైన మేము ఆయన పిల్లలు చేసిన ఓడప్రయాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పగోరుచున్నాము. బందరుకు, చెన్నపట్నమునకు మధ్య ఓడలు నడిచినది మా పులికాట్ సరస్సుకు, శ్రీహరికోటకు ఆవలనున్న సముద్రము మీదనే గదా!

ఫాక్సు గారు 1817లో ఇంగ్లండులోని డర్హము సీమలో జన్మించిరి. రగ్బీ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోను చదివి, 1840లో గురుపట్టము పొందిరి. 1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షమున భార్య ఎలిజబెత్తమ్మగారితో బందరు చేరిరి. ఆ సంవత్సరమే అక్కడ వారికి హెన్రీ ఎలియట్ అను కుమారుడు కలిగెను. ఈ బిడ్డ తల్లిగర్భములోనే ఒకసారి సముద్రము దాటి వచ్చినవాడు.

నోబుల్ గారు బడి చూచుకొనగా, ఫాక్సు గారు తెలుగు నేర్చుకొని గ్రామములలో సువార్త చెప్పిరి. ఎండ ఆయన దేహమునకు పడలేదు. 1843 వరకు కొంతకాలము నీలగిరులలో ఉండవలసివచ్చెను.

1845లో అమ్మగారు జబ్బుపడగా, కుటుంబమంతా స్వదేశమునకు బయలుదేరిరి. అప్పటికి చెన్నపట్నమునకు కట్టిన రేవు లేదు. ఓడలు దూరముగా లంగరు వేసేవి. మేకులు లేకుండ కొబ్బరినారతో కుట్టిన మసూలా పడవలలో అలలు దాటి ఓడ నెక్కవలెను. రోగిష్టి తల్లి, చంటిపిల్లలు అట్లే వెళ్లిరి. ఓడ కదలకముందే, చెన్నపట్నపు తీరమునకు ఎదురుగానే ఆ తల్లి కన్నుమూసెను. ఫాక్సు గారు తల్లిలేని పిల్లలతో ప్రయాణము సాగించిరి.

సూయజ్ కాలువ 1869లో గాని తెరువలేదు. ఆ దినములలో ఆఫ్రికా కొన చుట్టి పోవు తెరచాప ఓడకు సుమారు నాలుగు నెలలు పట్టేది. పసివారి పాలకై మేకలను ఓడలోనే తోలుకొనిపోయేవారు. పెద్దలకే దుర్భరమైన ప్రయాణము! అమ్మ ఏదని అడిగే నాలుగేళ్ల బిడ్డకు చుట్టూ నీళ్లు తప్ప మరేమి కనబడును?

పిల్లలను ఇంగ్లండులో విడిచి, తండ్రి 1846లో ఒంటరిగా బందరుకు తిరిగివచ్చిరి. ఆరోగ్యము పూర్తిగా చెడి 1848లో స్వదేశము చేరి, అక్టోబరు 14న ప్రభువునందు నిద్రించిరి. హెన్రీ ఏడేళ్ల ప్రాయములోనే తల్లిదండ్రులిద్దరిని పోగొట్టుకొనెను.

రగ్బీ వారు ఫాక్సు గారి పేరిట ధనము కూర్చి, బందరు బడిలో ఒక ఉపాధ్యాయుని పోషించిరి. కుమారుడును పెరిగి గురువై, తన తండ్రిని పంపిన ఆ సొసైటీకే 1895 నుండి 1910 వరకు కార్యదర్శిగా ఉండి, 1926లో మృతినొందెను.

ఫాక్సు గారి త్యాగము గొప్పది. ఆయన తానుగా ఎంచుకొన్న త్యాగమది. పిల్లలనైతే ఎవరును అడుగలేదు. వారు చెల్లించిన వెలను కూడ మన సంఘము లెక్కలో వేయవలెనని మా మనవి. నేడు కువైటుకు పనికి వెళ్లిన తల్లుల బిడ్డలు మన ఊళ్లలో అమ్మమ్మల యొద్ద పెరుగుచున్నారు. ఆదివారపు బడికి వచ్చే అట్టి బిడ్డను ఒక్క క్షణము దగ్గరకు తీసుకొని పలుకరించుదము.