తోటను గీసిన మోనే

డ్రాయింగు పీరియడ్‌లో మనం చెట్టంటే పచ్చ రంగు, నీళ్ళంటే నీలం రంగు వేసేస్తాం. కాని అదే చెట్టు పొద్దున ఒక రంగులో, మధ్యాహ్నం ఇంకో రంగులో కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి మీదే జీవితమంతా పెట్టిన చిత్రకారుడు క్లోద్ మోనే.

మోనే 1840 నవంబరు 14న ఫ్రాన్స్ దేశంలోని పారిస్‌లో పుట్టాడు. లె హావ్ర్ అనే రేవు పట్టణంలో పెరిగాడు. బడిలో నోటు పుస్తకాల నిండా పంతుళ్ళ బొమ్మలు వెక్కిరింతగా గీసేవాడు. (వార్డెన్ సార్, ఇది చూసి మేం నేర్చుకోంలెండి!) ఆ వూళ్ళోని యూజీన్ బూదాన్ అనే చిత్రకారుడు అతన్ని గదిలోంచి బయటికి తీసుకుపోయి, ఆకాశం ఎదుట కూర్చుని గీయడం నేర్పాడు.

మోనే వాడింది నూనె రంగులు. రంగు పొడిని అవిసె నూనెలో నూరితే ఇవి తయారవుతాయి. తొందరగా ఆరవు, రోజులు పడుతుంది. కాబట్టి నచ్చకపోతే గీకేసి మళ్ళీ వేయొచ్చు. కాని తడి మీద ఎక్కువ రుద్దామా, అన్నీ కలిసి బురద రంగైపోతుంది.

1866లో మోనే ఒక తోటలో నలుగురు ఆడవాళ్ళున్న బొమ్మ మొదలుపెట్టాడు. దాని ఎత్తు రెండున్నర మీటర్లు. పైభాగం చేతికందదు. అందుకని తోటలో గొయ్యి తవ్వి, కప్పీతో బొమ్మను అందులోకి దించి గీశాడు. ఇంత కష్టపడితే 1867లో పారిస్ ప్రదర్శనవాళ్ళు వద్దన్నారు. స్నేహితుడు బజీల్ 2,500 ఫ్రాంకులకు కొని, నెలకు 50 చొప్పున ఇచ్చి ఆదుకున్నాడు. అదే బొమ్మను 1921లో ప్రభుత్వం 2,00,000 ఫ్రాంకులిచ్చి కొన్నది!

1879లో భార్య కమిల్ చనిపోయింది. 1883లో మోనే జివెర్నీ అనే పల్లెకు చేరాడు. 1890లో అద్దె ఇంటినే కొనుక్కున్నాడు. బొమ్మ గీయడానికి ముందు తోటనే పెంచాడన్నమాట! 1893లో పక్క స్థలం కొని, వాగు నీళ్ళు మళ్ళించి కలువల కొలను తవ్వించాడు. కొత్త మొక్కల వల్ల నీళ్ళు విషమవుతాయని ఊరివాళ్ళు భయపడ్డారు. చివరికి అనుమతి వచ్చింది. ఆ కొలనునే సుమారు 250 సార్లు గీశాడు. పక్కన చాలా బొమ్మలు పెట్టుకుని, వెలుగు మారగానే ఒకటి వదిలి ఇంకోటి అందుకునేవాడు.

1912లో డాక్టర్లు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని చెప్పారు. రంగుల కోసమే బతికే మనిషికి రంగులు మసకబారాయి. ట్యూబుల మీద పేర్లు చూసి, వాటిని ఒక వరసలో పెట్టుకుని పనిచేశాడు. నచ్చని బొమ్మలు తనే పాడు చేసేవాడు. ఆపరేషనంటే భయపడి చాలా కాలం వాయిదా వేశాడు. 1923లో కుడికంటికి చేయించుకున్నాక కూడా రంగులు సరిగా కనిపించలేదు. కొన్నాళ్ళకు కళ్ళజోడు కుదిరి మళ్ళీ కుంచె పట్టాడు.

1918లో ప్రపంచ యుద్ధం ఆగిన మర్నాడే కలువల బొమ్మలు దేశానికి ఇస్తానని మాటిచ్చాడు. చనిపోయేదాకా వాటిని దిద్దుతూనే వున్నాడు. 1926 డిసెంబరు 5న, 86 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. 1927లో పారిస్‌లోని ఒరాంజెరీలో గోడల చుట్టూ తిరిగే ఆ బొమ్మలు జనానికి చూపించారు. తన మాట నెరవేరడం మాత్రం ఆయన చూడలేదు.

మనకు నూనె రంగులు దొరకవు, నిజమే. కాని చూడ్డానికి డబ్బులక్కర్లేదు గదా! ఈ ఆదివారం ఒకే చెట్టును పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గీయండి. మూడు బొమ్మలూ ఈ పత్రిక పక్కన అంటిద్దాం. ఏ పూటదేదో మిగతావాళ్ళు చెప్పగలిగితే మీరు బాగా చూసినట్టే.