విలియం కేరీగారి తోట

విలియం కేరీ ఎవరని మన సండేస్కూలు పిల్లలను అడిగితే చాలామంది జవాబు చెప్పగలరు. ఇంగ్లండులో చెప్పులు కుట్టిన మనిషి, ఓడెక్కి బెంగాలుకు వచ్చిన మిషనరీ, బైబిలును ఎన్నో భాషల్లోకి తర్జుమా చేసినవారు అంటారు. 1818లో మన తెలుగు కొత్త నిబంధన సెరాంపూర్‌లో అచ్చయిందని కాస్త పెద్ద పిల్లలు కూడా కలుపుతారు. అంతకుముందే, విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్ దొరగారు తర్జుమా చేసిన సువార్తలు 1812లో వెలువడింది కూడా ఆ ముద్రణాలయం నుంచే. ఇవన్నీ మనకు తెలుసు. కానీ కేరీగారు గొప్ప తోటమాలి అని, చనిపోయే రోజు దాకా మొక్కల మనిషిగానే బ్రతికారని మాత్రం పిల్లలెవరూ చెప్పరు. తప్పు పిల్లలది కాదు. మన ప్రసంగాల్లో, కథల పుస్తకాల్లో ఆ మాట దాదాపు రాదు.

ఆయన 1761 ఆగస్టు 17న నార్తాంప్టన్‌షైర్‌లోని పౌలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ మగ్గం మీద బ్రతికినవాడు. విలియంకు ఆరేళ్లున్నప్పుడు ఆ ఊరి బడిపంతులయ్యాడు. పేదరికం ఉంది గానీ అక్షరం ఉన్న ఇల్లు. ఆ ఇంటికి కెనడా నుంచి ఒక బంధువు తిరిగి వచ్చాడు. తండ్రి తోడబుట్టిన పీటర్. వృత్తి తోటపని. సముద్రం అవతలి కథలూ, మట్టిని గురించిన జ్ఞానమూ రెండూ ఆ పిల్లవాడికి ఆయన దగ్గరే దొరికాయి. కేరీగారి జీవిత చరిత్ర రాసినవారందరూ ఈ పీటర్‌ను ఒకటి రెండు వాక్యాల్లో దాటిపోతారు. మాకు మాత్రం ఆయన దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. ఒక పెద్దమనిషి తనకు తెలిసిన పనిని ఒక పిల్లవాడికి ఓపికగా చూపించాడు. దాని ఫలం ముప్పై ఏళ్ల తర్వాత మరో ఖండంలో కనిపించింది.

తండ్రి పెరట్లో ఖాళీగా ఉన్న మూలలన్నీ విలియం మొక్కలతో నింపేసేవాడట. పడుకునే గది నిండా పురుగులు, పక్షులు. అవి ఎలా పెరుగుతాయో, ఎలా మారతాయో రోజూ చూడడం వాడి పని. పొలం గట్ల వెంట తిరిగేటప్పుడు చెల్లెలు పాలీని వెంటబెట్టుకుని, ఏ పొదలో ఏముందో చూపించేవాడు. ఒకసారి పక్షిగూడు కోసం చెట్టెక్కి పడిపోయాడనీ, దెబ్బ మానగానే మొదట చేసిన పని మళ్లీ ఆ చెట్టే ఎక్కడమనీ చెబుతారు. అమ్మలు ఈ భాగం పిల్లలకు చదివి వినిపించేటప్పుడు కాస్త జాగ్రత్త!

పొలంపని మాత్రం ఆయనకు అచ్చిరాలేదు. చర్మవ్యాధి వల్ల ఎండలో నిలబడలేకపోయేవారు. అందుకే సుమారు పద్నాలుగేళ్ల వయసులో చెప్పులు కుట్టే పని నేర్చుకోవడానికి పంపారు. అంటే మొక్కలంటే ప్రాణం పెట్టిన పిల్లవాడు వ్యవసాయ కూలీ కాలేకపోయాడు. అయినా మొక్కల మీద ప్రేమ పోలేదు. పొలంలో కూలి చేయడం వేరు, పొలాన్ని తెలుసుకోవడం వేరు. ఆయన జీవితంలో ఈ రెండూ చిన్నప్పుడే విడిపోయాయి.

ఈ సంగతి మేము ఎందుకు పట్టుకున్నామంటే, అనకాపల్లి చుట్టుపక్కల సంఘాల్లో పిల్లలకు సేద్యం గురించి, చెట్ల గురించి నేర్పుదామని ఎవరైనా అంటే మొదట వచ్చే అభ్యంతరం ఇదే. మన విశ్వాసుల్లో చాలా కుటుంబాలకు పొలం అంటే సొంత పొలం కాదు. కామందు పొలంలో కూలి, చెరకు నరికే పని, గానుగ దగ్గర బెల్లం వండే పొయ్యి సెగ. తాతలు ఆ పనిలోనే నడుం వంగిపోయారు. బిడ్డ చేతికి పుస్తకం ఇచ్చింది ఆ బురదలోంచి బయటపడేయడానికే. అలాంటి తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లి, మీ వాడికి మళ్లీ మట్టి పని నేర్పుతాం అంటే వాళ్ల ముఖం చిన్నబోదా? ఆ బాధ న్యాయమైనది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. కేరీగారి కథలో దానికి కొంత జవాబు ఉందని మా నమ్మకం.

1793 నవంబరులో ఆయన కుటుంబంతో కలకత్తా చేరారు. తర్వాతి ఏడాది ముద్నాబతి అనే చోట నీలిమందు తయారీ కేంద్రంలో మేనేజరు పనికి కుదిరారు. జ్వరాలు, అప్పులు, ఒంటరితనం. ఐదేళ్ల కొడుకు పీటర్ అక్కడే చనిపోయాడు. చిన్నాన్న పేరు పెట్టుకున్న బిడ్డడు కాబోలు అని మేమనుకుంటాం. భార్య డొరతీకి మతి చలించింది. అలాంటి రోజుల్లో కూడా ఆయన ఇంగ్లండుకు రాసిన ఉత్తరాల్లో విత్తనాలు, కొడవళ్లు, సేద్యపు పనిముట్లు పంపమని అడిగారు. తనకోసం మాత్రమే కాదు, ఈ దేశానికి మేలు జరుగుతుందని. చుట్టుపక్కల రైతులు ఏం పండిస్తున్నారో, ఎలా దున్నుతున్నారో గమనించి, దినాజ్‌పూర్ జిల్లా వ్యవసాయం గురించి తర్వాత ఒక వ్యాసం కూడా ప్రచురించారు.

1800లో సెరాంపూర్ చేరాక అక్కడ సుమారు ఐదెకరాల తోట వేశారు. లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడి పద్ధతి ప్రకారం మొక్కలను కుటుంబాలుగా, వరుసలుగా పెట్టారు. తోటంటే బడి లాంటిదే, నడుచుకుంటూ చదువుకోవచ్చు. ఆయన ప్రార్థన చేసుకునే చోటూ అదే. తెల్లవారుజామున ఆ చెట్ల మధ్య ఒంటరిగా ప్రార్థించి, తర్వాత పండితులతో తర్జుమాకు కూర్చునేవారు.

ఇక్కడ ఒక డైసీ పువ్వు సంగతి చెప్పాలి. ఇంగ్లండు నుంచి ఒక మిత్రుడు విత్తనాలు పంపాడు. కేరీగారు విత్తనాలు తీసుకున్నాక, సంచిలో మిగిలిన మట్టిని పారేయకుండా నీడ ఉన్న చోట నేల మీద దులిపారు. కొన్నాళ్లకు అక్కడ చిన్న మొక్క మొలిచింది. చూస్తే తన చిన్ననాటి పొలం గట్ల మీద ఎవరూ పట్టించుకోకుండా పూసే డైసీ. దాన్ని చూసి ఆయన పొందిన ఆనందం ఇంతా అంతా కాదు. బెంగాలు వేడికి అది బ్రతకదని తెలిసి, ఏటేటా గింజలు తీసి మళ్లీ మళ్లీ నాటి నిలబెట్టుకున్నారు. సంచి దులిపిన మట్టిని కూడా వదలని ఆ చూపు పౌలర్స్‌పరీ పెరట్లో నేర్చుకున్నదే.

మన ప్రాంతంతో ఆయనకున్న బంధుత్వం కూడా మొక్కల ద్వారానే గట్టిపడింది. కాకినాడ దగ్గర సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసిన విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి అధికారిగా వెళ్లారు. రాజమండ్రి సీమలో మన రైతులు చెరకు ఎలా నాటుతారో, బెల్లం ఎలా వండుతారో చూసి రాసిన మనిషి ఈయనే. బెల్లం దిమ్మల మార్కెట్‌కు పేరుపడ్డ అనకాపల్లి పిల్లలకు ఆ పేరు తెలియాలి. రాక్స్‌బర్గ్, కేరీ మంచి స్నేహితులయ్యారు. రాక్స్‌బర్గ్ 1815లో చనిపోయాక, ఆయన చేతిరాతలో మిగిలిపోయిన భారతదేశపు మొక్కల మహా గ్రంథాన్ని కేరీగారే సరిచూసి సెరాంపూర్‌లో అచ్చు వేశారు. మొదటి సంపుటం 1820లో, పూర్తి గ్రంథం మూడు సంపుటాలుగా 1832లో వచ్చాయి. పుస్తకం మొదట్లో 145వ కీర్తనలోని మాట పెట్టారు. సృష్టి అంతా దేవుణ్ణి స్తుతిస్తుందని చెప్పే ఆ వచనం మీరే తీసి చదువుకోండి.

ఆ గ్రంథంలో లాటిన్ పేర్ల పక్కన మన తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. సామర్లకోట చుట్టూ ఉన్న రైతులు, కూలీలు, పసరు వైద్యులు చెప్పిన పేర్లే అవి. వాళ్లలో ఎవరి పేరూ పుస్తకంలో లేదు. చదువు రాదనుకున్న మనుషుల నోట ఉన్న జ్ఞానం ప్రపంచ శాస్త్రంలోకి ఎక్కింది. మన తాతల నడుం వంగడం నిజమే. వాళ్ల తలలో ఉన్న జ్ఞానమూ అంతే నిజం. పిల్లలకు కూలి వద్దు, సరే. ఆ జ్ఞానం కూడా వద్దా?

రాక్స్‌బర్గ్ తన మిత్రుడి పేరు మీద ఒక చెట్ల ప్రజాతికి కేరియా అని పేరు పెట్టారు. దానిలో ఒకటి కుంభి చెట్టు. తెల్ల రేకులు, గులాబీ కేసరాలు. మన తూర్పు కనుమల అడవుల్లో కూడా పెరుగుతుంది.

పిల్లల విషయంలో కేరీగారు అన్నీ సరిగ్గా చేశారని మేము అనం. పనిలో మునిగిపోయి, తల్లి జబ్బున పడ్డ ఇంట్లో, సొంత కొడుకులను చాలాకాలం గాలికొదిలేశారు. వాళ్లను దారిలో పెట్టింది ఎక్కువగా హన్నా మార్ష్‌మన్, విలియం వార్డ్. కానీ తోట మాత్రం తండ్రీ కొడుకుల మధ్య వంతెన అయ్యింది. జాబెజ్ అనే కొడుకు 1814లో మొలక్కా దీవులకు మిషనరీగా వెళ్లినప్పుడు, తండ్రి ఉత్తరాల్లో దైవచింతనతో పాటు ఏ మొక్కలు ఏరాలి, వాటిని ఓడ ప్రయాణానికి ఎలా సిద్ధం చేసి పంపాలి అన్న సూచనలూ ఉండేవి. మరో కొడుకు జోనాథన్ తండ్రి చనిపోయాక ఆయన తోటను గురించి ఎంతో ఆప్యాయంగా రాశాడు.

ఊరి పిల్లల చదువు సంగతికి వస్తే, సెరాంపూర్ మిషనరీలు వందకు పైగా బడులు నడిపారు. చదువు మాతృభాషలోనే. చదవడం, రాయడంతో ఆగకుండా భూగోళం, ఆకాశం, ప్రకృతి సంగతులు కూడా పాఠాల్లో ఉండాలని జాషువా మార్ష్‌మన్ 1816లో ఒక ప్రణాళిక అచ్చు వేశారు. 1818లో కాలేజీ పెట్టాక కేరీగారే వృక్షశాస్త్రం చెప్పేవారు. 1820లో ఆయన పూనికతో వ్యవసాయ, ఉద్యాన సంఘం పుట్టింది. దానిలో భారతీయులూ సభ్యులుగా ఉండాలని మొదటి ప్రకటనలోనే ఆయన కోరారు. దొరలే మాట్లాడుకునే రోజుల్లో అది చిన్న మాట కాదు.

1823లో ఆయన తుంటికి దెబ్బ తగిలి మంచాన ఉండగా పెద్ద వరద వచ్చింది. నది తోటలోకి పొంగి, ఇరవై ఏళ్లకు పైగా పెంచిన మొక్కలను తుడిచిపెట్టేసింది. ఇల్లు కూడా వదలాల్సి వచ్చింది. కాలు కూడదీసుకోగానే మళ్లీ విత్తనాలకు ఉత్తరాలు రాశారు. అప్పటికి ఆయన వయసు 62. అంతకు పదకొండేళ్ల ముందు అగ్నిప్రమాదంలో చేతిరాత ప్రతులు బూడిదైనప్పుడు చేసిందీ ఇదే. మళ్లీ మొదటి పేజీ నుంచి. మన తెలుగు వ్యాకరణం 1814లో వచ్చిందంటే అలా వచ్చిందే.

అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధన జరుగుతున్న వ్యవసాయ కేంద్రం ఉంది. మన సండేస్కూలు పిల్లల్లో ఎంతమంది దాని గేటు దాటి ఉంటారు? ఆవగింజ ఉపమానం కంఠతా చెప్పే పిల్లలకు ఆవమొక్క చూపించామా? అడవిపువ్వులను చూడమని ప్రభువు చెప్పిన చోట, గోడ మీద అతికించిన రంగుల కాగితాన్నే చూపిస్తున్నాం. సొలొమోను జ్ఞానాన్ని 1 రాజులు 4వ అధ్యాయం వర్ణించేటప్పుడు దేవదారు నుంచి గోడమీద మొలిచే హిస్సోపు దాకా చెట్ల సంగతి చెబుతుంది. మన ఆవరణల్లో గోడమీద మొలిచినదాన్ని పండుగకు ముందు పీకి సున్నం వేస్తాం.

వచ్చే వేసవి వి.బి.ఎస్.లో ఒక్క పూట దీనికి ఇవ్వమని పాస్టర్లకు మా మనవి. పిల్లలతో గడ్డి పీకించమని కాదు. మందిరం చుట్టూ ఉన్న పది మొక్కల పేర్లు, వాటి పువ్వు, కాయ, గింజ. పాఠం చెప్పడానికి చదువుకున్న టీచరే అక్కర్లేదు. వెనక బెంచీలో కూర్చునే ముసలి తాతనో, చెరకు తోటల్లో నలభై ఏళ్లు పనిచేసిన మామ్మనో ముందుకు పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పమనండి. వాళ్లను పిల్లలు మాస్టారూ అని పిలవాలి. ఇంట్లో తల్లిదండ్రులు కూడా వచ్చి వినాలి.

కేరీగారి చివరి నెలల్లో నడవడానికి కాళ్లు లేవు. చక్రాల కుర్చీలో తోటలోకి తీసుకెళ్లేవారు. అదీ కుదరనప్పుడు తోటమాలి మంచం దగ్గరకు వచ్చి, ఏది పూసిందో, ఏది ఎండిందో చెప్పి వెళ్లేవాడు. ఒకరోజు ఆయన దిగులుగా ఉంటే మార్ష్‌మన్ కారణం అడిగారు. తాను పోయాక మార్ష్‌మన్ తోటలోకి ఆవులను వదిలేస్తాడేమోనని తన బెంగ అని ఆయన చెప్పారు. మొక్కలంటే తనకు ఆయనకున్నంత మక్కువ లేకపోయినా తోటను కాపాడడం పవిత్రమైన బాధ్యతగా చూసుకుంటానని మార్ష్‌మన్ మాట ఇచ్చారు. 1834 జూన్ 9న తెల్లవారుజామున, రోజూ తోటలోకి వెళ్లే వేళకు, కేరీగారు ప్రభువు సన్నిధికి వెళ్లారు.