విలియం కేరీ గృహ జీవితము

ఖరగ్‌పూర్‌లోని గోల్‌బజార్ పరిసరములలో నివసించు తెలుగు క్రైస్తవ కుటుంబములకు విలియం కేరీ పనిచేసిన శ్రీరామపురము దూరదేశమేమియు కాదు. హౌరాకు పోయి, అచ్చట బండి మారి, హుగ్లీ నది వెంబడి ఉత్తరముగా మరి యిరువది కిలోమీటర్లు ప్రయాణము చేసినచో చాలును. 1814లో తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనను అచ్చొత్తించినది ఆ శ్రీరామపురమే. కేరీ అనువాదములను గూర్చి మన సంఘములలో తరచుగా ప్రసంగింతురు గాని, ఆయన యింటిని గూర్చి మాటలాడువారు తక్కువ. అయినను భాష తెలియని ఊరికి భర్త ఉద్యోగము వెంట వచ్చి కాపురము పెట్టిన స్త్రీ మనస్సు ఎట్టిదో రైలు పట్టణములలోని తెలుగు గృహిణులకు ఒకరు చెప్పనక్కరలేదు. కేరీ భార్య డోరతి కథ వారికి మొదటి మాటతోనే అర్థమగును.

కేరీ 1761లో ఇంగ్లండునందు నార్తాంప్టన్ ప్రాంతములోని ఒక పల్లెలో జన్మించెను. చెప్పులు కుట్టు పని నేర్చుకొనెను. 1781 జూన్ 10వ తేదీన డోరతి ప్లాకెట్‌ను వివాహమాడెను. వరునికి ఇంకను ఇరువది యేండ్లు నిండలేదు. వధువు అతనికంటె అయిదారేండ్లు పెద్దది. ఆమెకు చదువు రాదు. వివాహపు పుస్తకములో సంతకమునకు బదులు గీత గీసెను. అటుపిమ్మట అనేక భాషలలోనికి లేఖనములను తెచ్చినవాని భార్య తన పేరు తాను వ్రాయలేకపోయెననుట చిత్రమే గాని, ఆ కాలపు పల్లెలలో అది వింత కాదు. దారిద్ర్యమును ఆమె గొణుగుడు లేక భరించెను. మొదటి బిడ్డ ఆన్ రెండేండ్లయినను నిండక జ్వరముచే మరణించెను. తరువాత లూసీ అను పసిబిడ్డయు పోయెను.

1793 ఆరంభములో కేరీ హిందూదేశమునకు పోవ నిశ్చయించెను. డోరతి అప్పుడు గర్భవతి. ఆమె ఊరి సరిహద్దులు దాటి దూరము పోయినది కాదు, రానని చెప్పెను. అది అవిశ్వాసమని కొందరు పూర్వ గ్రంథకర్తలు వ్రాసిరి. అది న్యాయము కాదు. ఇద్దరు బిడ్డలను భూమిలో పెట్టి, మరియొక బిడ్డను కడుపున మోయుచున్న తల్లి నెలల తరబడి సాగు ఓడ ప్రయాణమునకు భయపడుట అవిశ్వాసమెట్లగును? కేరీ ఫీలిక్సును మాత్రము వెంటబెట్టుకొని బయలుదేరెను. కంపెనీవారి అనుమతి పత్రము లేనందున ఓడ అతనిని దింపివేసెను. ఈ ఆలస్యములో డోరతి జాబెజ్‌ను ప్రసవించియుండెను. కేరీ తిరిగి వచ్చి పిలిచినను ఆమె మరల కాదనెను. అప్పుడు సహచరుడు థామస్ ఒంటరిగా వెనుకకు పోయి, రాకపోయినచో కుటుంబము శాశ్వతముగా చెదరిపోవుననియు, ఆమె జీవితాంతము పశ్చాత్తాపపడుననియు నొక్కి చెప్పెను. తన చెల్లెలు కాథరిన్ తోడు వచ్చినయెడల వత్తునని ఆమె యొప్పుకొనెను. త్వరత్వరగా సామాను సర్దుకొని జూన్ 13న డోవరు రేవున ఓడ యెక్కిరి. సంతోషముతో కాక బెదురుతో ఇచ్చిన సమ్మతి అది. దాని వెల తరువాత తెలిసెను.

నవంబరులో కలకత్తా చేరిరి. చేతనున్న ధనము థామస్ చేతులలో త్వరగా కరిగిపోయెను. ఇల్లు లేదు, డోరతికిని ఫీలిక్సునకును రక్తవిరేచనములు పట్టుకొనెను. సుందరవనములలో కొన్నాళ్లు తలదాచుకొనిరి. అచ్చట చెల్లెలు కాథరిన్ ఒక కంపెనీ ఉద్యోగిని వివాహము చేసికొని విడిపోయెను. డోరతికి ఉన్న ఒక్క తోడును పోయినది. 1794లో కేరీ మదనావతి నీలిమందు కర్మాగారమునకు అధికారియయ్యెను. ఆ సంవత్సరముననే అయిదేండ్ల పీటర్ మరణించెను. ఆ బిడ్డకు గోరీ త్రవ్వుటకు మనుష్యులు దొరకుట గగనమయ్యెను. నలుగురు ముసల్మానులు ఎట్టకేలకు వచ్చిరి.

దాని తరువాత డోరతి మనస్సు చెదరెను. భర్త తనకు ద్రోహము చేయుచున్నాడను అనుమానము ఆమెను పట్టుకొని వదలలేదు. అతని వెంట వీధులలో పడి దూషించెడిది. ఒకప్పుడు ప్రాణాపాయమును తలపెట్టెను. ఇది మతిభ్రమ యను వ్యాధియని నేటి వైద్యము చెప్పును. నాడు మందు లేదు. గదిలో ఉంచి కాపాడుటకంటె వేరు మార్గము ఎవరికిని తోచలేదు. ఆమెను పిచ్చివారిని ఉంచు చోటికి పంపుమని సలహా యిచ్చినవారును ఉండిరి. అట్టి చోట్ల జరుగు క్రూరత్వమునకు వెరచి కేరీ అందుకు ఒప్పుకొనక ఇంటనే ఉంచుకొనెను. 1796లో పుట్టిన జోనతాను ఈ కల్లోలముననే పెరిగెను.

1800లో శ్రీరామపురమునకు చేరినపిమ్మట కేరీ కొంత ఊపిరి పీల్చుకొనెను. అచ్చట మిషనరీలందరు ఒక్క కుటుంబముగా, ఒక్క బల్లయొద్ద భుజించుచుండిరి. కేరీ కుమారులు అదుపులేక తిరుగుచుండగా, హన్నా మార్ష్‌మన్ వారికి తల్లివలెను, విలియం వార్డు అన్నవలెను నిలిచిరి. కేరీ మృదు స్వభావుడు. గద్దింపవలసిన చోట గద్దింపలేకపోయెనని తోటివారే గమనించిరి. ఆ యేడు డిసెంబరులో హుగ్లీ నదిలో కృష్ణపాలు బాప్తిస్మము పొందినప్పుడు, ఫీలిక్సు కూడ తండ్రి చేతనే బాప్తిస్మము పొందెను. అదే దినమున తల్లి డోరతి బందీవలె గదిలోనే యుండెను. థామసు సైతము మతి తప్పియుండెను. సంఘ చరిత్రలో ఆ దినమును గూర్చి వ్రాయువారు నదిని చూపుదురు గాని ఆ గదిని చూపరు.

1807 డిసెంబరు 8న డోరతి మరణించెను. ఆరు మాసములైనను గడువకమునుపే కేరీ షార్లెట్ రూమోర్ అను డేనిష్ ప్రభువంశపు స్త్రీని వివాహమాడదలచెను. తోటి మిషనరీలు నొచ్చుకొని ఆక్షేపించిరి, కడకు ఊరకుండిరి. షార్లెట్ నడువలేని రోగి. అయినను విద్యావతి, భర్త తర్జుమా పనిని అర్థము చేసికొనగలిగినది. ఆ పదుమూడేండ్లు కేరీ యింటికి వెలుగు దినములు. డోరతి లోపము వలన మొదటి కాపురము చెడెననియు, షార్లెట్ గుణము వలన రెండవది వర్ధిల్లెననియు చెప్పుట సులభము. కాని షార్లెట్ భర్తను తానై యెన్నుకొనెను. శ్రీరామపురమును తానై యెన్నుకొనెను. డోరతికి ఆ రెండింటిలో రెండవది దొరకలేదు.

షార్లెట్ 1821లో మరణించగా, 1823లో కేరీ గ్రేస్ హ్యూస్ అను విధవరాలిని పెండ్లాడెను. 1834 జూన్ 9న ఆయన కన్నుమూయువరకు ఆమె పరిచర్య చేసెను. కుమారులలో ఫీలిక్సు బర్మాకు పోయెను. 1814లో పడవ మునిగి భార్యాబిడ్డలను పోగొట్టుకొని, 1822లో తండ్రికంటె ముందుగా మరణించెను. జాబెజ్ తూర్పు దీవులకు మిషనరీగా వెళ్లెను. తల్లి మతి చెదరిన దినములలో పుట్టిన జోనతాను మాత్రము సేవకు రాక, కలకత్తాలో న్యాయవాదియై, తండ్రికి దాపుననే కాపురముండెను.