ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్

ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ (ఫిబ్రవరి 1, 1795 - మే 20, 1853) ఇంగ్లాండుకు చెందిన దంతవైద్యుడు, క్రైస్తవ మిషనరీ, బ్రదరన్ ఉద్యమ స్థాపకులలో ఒకడు. బాగ్దాదులోను, భారతదేశంలోను పనిచేశాడు. జీవితపు చివరి భాగంలో ఎక్కువకాలం చిత్తూరులో నివసించాడు. గోదావరి డెల్టా మిషను ఏర్పడడానికి కారకుడు. బైబిలులోని అంత్యదినాల ప్రవచనాలపై ఇంగ్లాండులో తీవ్రమైన చర్చ సాగిన కాలంలో జీవించి, ఆ ప్రవచనాల వెలుగులోనే తన వృత్తిని, ధనాన్ని, నివాసాన్ని మార్చుకున్న వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు.

బాల్యము, వృత్తి

గ్రోవ్స్ ఇంగ్లాండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో న్యూటన్ వాలెన్స్ అనే గ్రామంలో జన్మించాడు. లండనులో తన మేనమామ వద్ద దంతవైద్యం నేర్చుకుని, పందొమ్మిదేళ్ల వయసులో ప్లిమత్‌లో వృత్తి ప్రారంభించాడు. 1816లో తన బంధువైన మేరీ థాంప్సన్‌ను వివాహమాడాడు. తరువాత ఎక్సెటర్ నగరానికి మారి బాగా సంపాదించాడు. దంపతులిద్దరూ మొదట ఆదాయంలో పదోవంతు, ఆపై నాలుగోవంతు, చివరకు ఖర్చులు పోగా మిగిలినదంతా దానం చేయసాగారు. ఈ అనుభవం నుండి 1825లో క్రిస్టియన్ డివోటెడ్‌నెస్ అనే చిన్న పుస్తకం వెలువడింది. విశ్వాసి రేపటి కోసం కూడబెట్టరాదని అందులో వాదించాడు. ఈ పుస్తకం అతని చెల్లెలి భర్త, బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్‌పై గాఢమైన ప్రభావం చూపింది.

మిషనరీగా వెళ్లే ఉద్దేశంతో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో వేదాంత విద్యకు చేరాడు. అక్కడి మిత్రులతో చర్చించే క్రమంలో, అభిషేకం పొందిన గురువు లేకున్నా విశ్వాసులు కూడి రొట్టె విరవవచ్చుననే నిర్ణయానికి వచ్చాడు. బ్రదరన్ ఉద్యమానికి ఇదొక పునాది అయింది. 1827లో ఆ చదువు మానివేశాడు.

అంత్యదినాల చర్చ

ఫ్రెంచి విప్లవం, నెపోలియన్ యుద్ధాలు చూసిన తరం బైబిలులోని దానియేలు గ్రంథాన్ని, ప్రకటన గ్రంథాన్ని కొత్త ఆసక్తితో చదివింది. ఆనాటి మిషనరీ సంఘాలలో చాలామంది సువార్త క్రమంగా లోకమంతటినీ మారుస్తుందని, వెయ్యేండ్ల శాంతికాలం తరువాతే క్రీస్తు వస్తాడని నమ్మేవారు. 1820ల నుండి దీనికి భిన్నమైన అభిప్రాయం బలపడింది. లోకం మెరుగుపడదని, క్రీస్తు ముందుగా వచ్చి ఆపై తన వెయ్యేండ్ల పాలన నెలకొల్పుతాడని ఈ వర్గం వాదం. గ్రోవ్స్ ఈ రెండవ అభిప్రాయాన్నే స్వీకరించాడు.

ప్రవచనాలను చదివే పద్ధతిలోనూ భేదాలున్నాయి. ఒక వర్గం ప్రకటన గ్రంథంలోని దినాలను సంవత్సరాలుగా లెక్కించి, 1260 దినాలు అంటే 1260 సంవత్సరాలని భావించి, చరిత్రలోని సంఘటనలతో పోల్చింది. యూఫ్రటీసు నది ఎండిపోవుట అనే సూచనను టర్కీ సామ్రాజ్య క్షీణతగా వీరు వివరించేవారు. మరొక వర్గం ఆ సంఘటనలన్నీ ఇంకా జరగవలసినవే అన్నది. గ్రోవ్స్‌కు మిత్రుడైన జాన్ నెల్సన్ డార్బీ ఈ రెండవ పద్ధతిని విస్తరించి, విశ్వాసులు మహాశ్రమలకు ముందే ఎత్తబడుదురనే బోధను ప్రచారం చేశాడు.

బాగ్దాదు

1829 జూన్‌లో గ్రోవ్స్ కుటుంబం ఇంగ్లాండు నుండి బయలుదేరి, రష్యా, కాకసస్ పర్వతాలు, పర్షియాల మీదుగా ఆ యేడు డిసెంబరులో టర్కీ సామ్రాజ్యంలోని బాగ్దాదు చేరింది. ఏ సంఘం నుండీ జీతం లేదు. కుమారుల చదువుకోసం వెంట వచ్చిన జాన్ కిట్టో వినికిడి లేని యువకుడు. ఇతడు తరువాత బైబిలు విజ్ఞాన సర్వస్వాలు రచించి పేరుపొందాడు. 1830లో వారు ఆర్మీనియన్ పిల్లల కోసం పాఠశాల తెరిచారు.

1831 వసంతంలో నగరానికి ప్లేగు సోకింది. అదే సమయంలో టైగ్రిస్ నది పొంగి, నగరపు గోడ కూలి, వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఆ వెనుకనే కొత్త పాషా సైన్యం నగరాన్ని ముట్టడించింది. తెగులు, ఆకలి, యుద్ధం ఒకేసారి రావడం ప్రవచనాలను నిత్యం చదివే ఆ కుటుంబానికి గ్రంథంలోని పుటలు కళ్లెదుట తెరుచుకున్నట్లే ఉండి ఉండాలి. మే 14న మేరీ ప్లేగుతో మరణించింది. ఆ యేడే పసికూతురూ చనిపోయింది. ఆ కాలపు దినచర్య 1832లో లండనులో అచ్చయింది. ఆ రచనలో క్రీస్తు రాకడ కాలగణన విషయంగా కంటే దుఃఖంలో ఆదరణగానే ఎక్కువగా కనిపిస్తుంది.

భారతదేశం, గోదావరి

1833లో బాగ్దాదు మీదుగా ప్రయాణిస్తున్న సైనిక ఇంజనీరు ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో గ్రోవ్స్ భారతదేశానికి వచ్చాడు. తరువాతి కాలంలో ధవళేశ్వరం ఆనకట్ట (1847 - 1852) నిర్మించి తెలుగువారికి చిరస్మరణీయుడైన కాటన్ దొర ఇతడే. గ్రోవ్స్ బొంబాయి నుండి తిరునెల్వేలి, సింహళం, కలకత్తా వరకు మిషను కేంద్రాలను చూశాడు. 1834లో రోగగ్రస్తుడైన అలెగ్జాండర్ డఫ్‌కు తోడుగా బ్రిటనుకు వెళ్లాడు. 1835లో హారియట్ బెయిన్స్‌ను వివాహం చేసుకున్నాడు.

1836లో బార్న్‌స్టపుల్ పట్టణానికి చెందిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులను వెంటబెట్టుకుని మద్రాసు వచ్చాడు. వారు మచిలీపట్నంలో కొంతకాలముండి, తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషను ఇలా ప్రారంభమైంది. గోదావరి జిల్లాల బ్రదరన్ సంఘాలకు ఇదే మూలం.

చిత్తూరు జీవితం

1837లో గ్రోవ్స్ చిత్తూరులో స్థిరపడ్డాడు. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి జీవించినట్లు, సువార్తికులు చేతిపనితో పోషించుకోవాలని, భారతీయ విశ్వాసులు విదేశీ ధనంపై ఆధారపడరాదని అతని ఆశయం. ఇందుకు వ్యవసాయక్షేత్రం నెలకొల్పి పట్టుపురుగుల పెంపకం చేపట్టాడు. అది విఫలమై అప్పులు మిగిలాయి. పెట్టుబడి చిక్కులు అతని కాలాన్ని, ఆరోగ్యాన్ని హరించాయి. దాచుకోరాదని రాసిన వ్యక్తి రుణభారంతో బాధపడడం ఈ జీవితంలోని విషాదం. అయితే అతని శిష్యుడు, తమిళుడైన జాన్ అరుళప్పన్ విదేశీ సంఘాల జీతం లేకుండానే స్వతంత్రంగా సంఘాలను స్థాపించి, ఆ ఆశయం సాధ్యమేనని నిరూపించాడు.

డార్బీతో భేదం

1836లోనే గ్రోవ్స్ డార్బీకి ఒక లేఖ రాశాడు. క్రీస్తునందలి జీవమే సహవాసానికి ఆధారం కావాలని, సిద్ధాంతాల ఏకాభిప్రాయం ఆధారమైతే ఉద్యమం ఇరుకైపోతుందని హెచ్చరించాడు. 1848లో ఉద్యమం రెండుగా చీలింది. ఆ వివాదంలో డార్బీకి ప్రత్యర్థి అయిన బెంజమిన్ న్యూటన్‌తో ఆయనకు అంత్యకాల ప్రవచనాల విషయంలో అంతకుముందే తగాదా ఉంది. గ్రోవ్స్, ముల్లర్‌లు విశాల దృక్పథం గల శాఖతో నిలిచారు.

మరణము

1852లో అనారోగ్యంతో ఇంగ్లాండు తిరిగి వెళ్లిన గ్రోవ్స్ 1853 మే 20న బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట మరణించాడు. 1856లో హారియట్ అతని జీవితచరిత్రను ప్రచురించింది.

ప్రాముఖ్యత

ప్రవచనాలను పంచాంగంగా మార్చి తేదీ చెప్పినవారు ఆ శతాబ్దంలో పలువురున్నారు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూసి ఆశాభంగం చెందారు. కేరళలో యూస్తుస్ జోసెఫ్ అనుచరులు 1881లో రాకడ అని నమ్మి అటువంటి స్థితికే లోనయ్యారు. ఆ దినము, ఆ గడియ ఎవరికీ తెలియవని మత్తయి సువార్తలోనే ఉన్నందున, తేదీల నిర్ణయాన్ని ప్రధాన సంఘాలు అంగీకరించలేదు.

గ్రోవ్స్ ఈ కోవకు చెందడు. అంతం సమీపమన్న నమ్మకం అతనిని లెక్కలవైపు కాక దానంవైపు, ప్లేగు సోకిన నగరంలో పొరుగువారిని విడిచిపోకుండా నిలవడంవైపు నడిపింది. కొమరోలు, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలకు క్రైస్తవం ప్రధానంగా బాప్టిస్టు, ఆంగ్లికన్ మిషనుల ద్వారా వచ్చినా, కరువు, తెగులు, యుద్ధం వచ్చినప్పుడల్లా ఇవి అంత్యకాల సూచనలా అనే ప్రశ్న అన్ని సంఘాలలోనూ తలెత్తుతూనే ఉంది. ఆ సూచనలు చూచినవాడు ఏమి చేయాలన్న రెండవ ప్రశ్నకు గ్రోవ్స్ జీవితం, దాని వైఫల్యాలతో సహా, ఒక సమాధానంగా నిలుస్తుంది.