మీసాల తల్లి

1930వ సంవత్సరమున గుజరాతు దేశమంతయు ఉప్పు సత్యాగ్రహముతో అట్టుడికినట్లుండెను. గాంధీమహాత్ముడు ఏప్రిలు 6వ తేదీన గుప్పెడు ఉప్పు చేతికెత్తుకొనిన దండి తీరము నాడు సూరతు జిల్లాలోనిదే. ఆ జిల్లాలోని బార్డోలీ రైతులు శిస్తు చెల్లింపక, జప్తులకు తలయొగ్గక, ఇల్లూ వాకిలీ విడిచి, సామానులతోను బిడ్డలతోను బండ్లెక్కి, ఎల్ల దాటి బరోడా సంస్థాన గ్రామములకు వలసపోయిరి. పెద్దలకు రాజకీయములు తెలియును. ఏల వచ్చిరో, ఎన్నాళ్లుందురో వారెరుగుదురు. మూడేండ్ల పసివానికేమి తెలియును? ఊరు పోయెను, పెరడు పోయెను, ఆడుకొను బొమ్మలు పోయెను.

అట్టి శిబిరములకు భావనగరమునుండి ఒక పెద్దమనిషి వచ్చెను. నలుబదియైదేండ్ల వయస్సు, గంభీరమైన ముఖము, గుబురైన మీసములు. ఆయన వచ్చినది పిల్లలకొరకు. నిరాశ్రితుల నడుమ విద్యాప్రచారము సాగించి, బాలబాలికలను వానరసేనగా కూర్చి, ఆ యేడే సూరతు నగరమున వానర పరిషత్తును జరిపించిరి. అలహాబాదులో బాలిక ఇందిర వానరసేనను నడపినదియు ఆ దినములలోనే. సేతువు కట్టినవారు కోతులేనన్న సంగతి మన పిల్లలందరును ఎరిగినదే గావున ఆ పేరునకు వ్యాఖ్యానము అక్కరలేకపోయెను. ఆ పెద్దమనిషియే శ్రీ గిజుభాయి బధేకా. గుజరాతు ప్రజలు ఆయనకు ప్రేమతో పెట్టిన పేరు ‘మూఛాళీ మా’, అనగా మీసాల తల్లి.

ఆయన అసలు పేరు గిరిజాశంకరుడు; తండ్రి భగవాన్‌జీ. 1885 నవంబరు 15వ తేదీన సౌరాష్ట్రములోని చిత్తళ్ గ్రామమున జన్మించిరి. స్వస్థలము వల్లభీపురము. పూర్వకాలమున మైత్రక రాజుల యేలుబడిలో గొప్ప విద్యాపీఠము వర్ధిల్లిన వల్లభి యిదియే. ఆయన కాలమునకు ఆ వైభవము శిథిలములకే మిగిలియుండెను. 1905లో మెట్రిక్యులేషను ముగించి, 1907లో జీవనోపాధికై తూర్పు ఆఫ్రికా వెళ్లిరి. అచ్చట ఒక ఆంగ్ల న్యాయవాది కడ పనిచేయుచు, తన పని తానే చేసికొనుట, తెలియనిదానిని తానే వెదకి తెలిసికొనుట అలవరచుకొనిరని జీవితచరిత్రకారులు వ్రాసిరి. 1909లో తిరిగివచ్చి, బొంబాయిలో న్యాయశాస్త్రము చదివి, 1913లో హైకోర్టు ప్లీడరై వఢవాణ్ కాంపులో వృత్తి ప్రారంభించిరి. అంతవరకు ఆ తరపు విద్యావంతుల కథయే. ప్లీడరీలో పేరు రాగల లక్షణములన్నియు ఆయనకుండెను.

దారి మళ్లించినవాడు ఒక పసివాడు. 1913 ఫిబ్రవరిలో ఆయనకు నరేంద్రుడను కుమారుడు కలిగెను. బిడ్డను ఏ బడికి పంపవలయునన్న ప్రశ్న ప్రతి తండ్రికిని కలుగునదే. చాలమంది దగ్గరనున్న బడికి పంపి ఊరకుందురు. గిజుభాయి ఊరకుండలేదు. నాటి బడులలో బెత్తము, బట్టీయము, కదలక కూర్చుండుట అను మూడే ఉపకరణములు. తనకు జరిగినదే తన బిడ్డకును జరుగవలయునా యని ఆయన బాధపడిరి. వెదకుచు వెదకుచు వసో గ్రామము వెళ్లి, అచ్చట విద్యాకార్యమున పేరుగాంచిన మోతీభాయి అమీన్ కడ మేరియా మాంటిసోరీ పద్ధతిని గూర్చిన గ్రంథమును సంపాదించిరి. రోము నగరములో పేదకార్మికుల వాడయైన సాన్ లొరెంజోలో ఆ విదుషీమణి 1907 జనవరి 6వ తేదీన శిశుగృహమును తెరచి ఆనాటికి పదేండ్లైన కాలేదు.

1916లో ఆయన ప్లీడరీ విడిచి భావనగరములోని శ్రీ దక్షిణామూర్తి విద్యార్థి భవనమున చేరిరి. నానాభాయి భట్టు 1910లో స్థాపించిన సంస్థ అది. మొదట వసతిగృహమునందును ఉన్నత పాఠశాలయందును పెద్దపిల్లలతో పనిచేసిరి. అచ్చట ఆయనకు ఒక చేదునిజము బోధపడెను. పదునాలుగు పదునైదేండ్ల పిల్లవాడు తన కడకు వచ్చునప్పటికే వాని భయములు, అబద్ధములు, పరీక్షల మీది మమకారము గట్టిపడియున్నవి. పండిన కుండకు వంపు తీర్చుటకంటె మట్టి మెత్తగ నున్నప్పుడే చేయిపెట్టవలయునని తలచి 1920లో బాలమందిరమును ప్రారంభించిరి. రెండున్నరేండ్లనుండి ఆరేడేండ్లలోపు శిశువులకు మన దేశములో అట్టి శ్రద్ధతో నడచిన తొలి విద్యాలయములలో అదియొకటి. 1922లో తఖ్తేశ్వరము గుట్టపై దానికి సొంత భవనము ఏర్పడగా శ్రీమతి కస్తూరిబాయి ప్రారంభోత్సవము చేసిరి.

ఆ మందిరములో పిల్లలు ఏమి చేయుచుండిరి? చూడవచ్చిన పెద్దలకు పిల్లలు ఆడుకొనుచున్నట్లే తోచును. ఒకడు నీళ్లు ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి చుక్క ఒలుకకుండ పోయుచుండును. ఒకతె చీపురుతో గది ఊడ్చుచుండును. వేరొకడు బొత్తాములు పెట్టుచు, తీయుచు, మరల పెట్టుచుండును. మాంటిసోరీ పద్ధతిలోని మర్మమంతయు ఇచ్చటనే యున్నది. పసివాడు తెలివిని చేతితో సంపాదించును. పది ఘనములను పెద్దదానిపై చిన్నది పేర్చి గోపురము కట్టవలయు ననుకొనుడు. ఒక్కటి తప్పిన గోపురము తానే తప్పు చెప్పును. కొయ్యదిమ్మె రంధ్రములలో కొయ్యబిళ్లలు పెట్టవలయు ననుకొనుడు. తప్పుగ పెట్టినచో తుదకొకటి మిగిలిపోవును. గురువు తిట్టనక్కరలేదు, కొట్టనక్కరలేదు, మెచ్చుకొననక్కరకూడ లేదు. వస్తువే గురువు.

అక్షరములును అట్లే. గరుకు కాగితముతో కత్తిరించి అంటించిన అక్షరముపై వ్రేలు నడపుచు ఆ ధ్వనిని పలుకుదురు. తెలుగువారికి ఇది కొత్తగాదు. మన వీధిబడులలో ఇసుక పరచి దానిపై పిల్లవానిచేత వ్రేలితో ఓనమాలు దిద్దించెడివారు. ఆ వ్రేలి నడక రెంటను ఒక్కటియే. కాని వీధిబడిలో పంతులుగారి వెనుక కోదండము వ్రేలాడుచుండెడిది. ఇసుకలో వ్రేలు పెట్టిన పిల్లవాని కన్ను దానిమీదనే యుండెడిది. గిజుభాయి తొలగించినది ఆ కోదండమును.

మరి యొక ఆట మౌనము. తలుపులు ఓరగ మూసి, పిల్లలందరును కనులు మూసికొని కదలక కూర్చుందురు. అంతవరకు వినబడని గడియారపు చప్పుడు, చెట్టుమీది పక్షి కూత, తమ ఊపిరి తమకే వినవచ్చును. అప్పుడు దూరమునుండి అతిమెల్లగ ఒక్కొక్కరి పేరు పిలువబడును. పిలువబడినవారు అడుగు చప్పుడు కాకుండ లేచి పోవుదురు. మౌనముతోనే శిష్యుల సందేహములు తీర్చినవాడని మనవారు కొలుచు దక్షిణామూర్తి పేరుగల సంస్థలో ఈ ఆట సాగుట ఎంత సముచితము!

అయినను గిజుభాయి విదేశపు పద్ధతిని పుస్తకములో నున్నట్లు దించుకొనినవారు కారు. ముఖ్యముగ రెండు విషయములలో ఆయన స్వతంత్రించిరి. పసివయస్సున కల్పిత కథల యెడ మాంటిసోరీకి అనుమానమెక్కువ. బిడ్డ మొదట నిజమైన లోకమును ఎరుగవలయునని ఆమె మతము. గిజుభాయి దీనికి ఒప్పుకొనలేదు. అవ్వల కథలు, పల్లెపాటలు, నాటకములు, గుజరాతీ రాసనృత్యములు బాలమందిరములో నిత్యకృత్యములైనవి. కథ చెప్పుటను ఒక శాస్త్రముగ భావించి ‘వార్తాను శాస్త్ర’మను గ్రంథమే వ్రాసిరి. ఆయన చిన్నవి పెద్దవి కలసి 200లకు పైగా పుస్తకములు వ్రాయగా, వానిలో అధికభాగము పిల్లలు చదువుకొనుటకైనవే. 1929లో ఆయనకు రంజిత్‌రామ్ సువర్ణపతకము లభించెను. ఈ వివాదములో సౌరాష్ట్ర అవ్వల పక్షమున నిలిచిన గిజుభాయియే సరియని తోచుచున్నది. పేదరాశి పెద్దమ్మ కథ వినని తెలుగుబిడ్డ లోకజ్ఞానములో ఏమి లాభము పొందునో ఊహింప కష్టము.

రెండవది వ్యయము. మాంటిసోరీ ఉపకరణములు నునుపైన కొయ్యతో, కచ్చితమైన కొలతలతో చేయవలసినవి. సామాన్య గృహస్థునకు అవి అందునవి కావు. గిజుభాయి స్థానికముగ దొరకు వస్తువులకును, మట్టిపనికిని, తోటపనికిని పెద్దచోటిచ్చిరి. బడిలో నేర్చినదానిని ఇంట అణచివేయు తల్లిదండ్రులున్నంతవరకు బడి ఓడిపోవునని తెలిసి, వారికొరకే అనేక రచనలు చేసిరి. వానిలో ఒకదాని పేరునకు తల్లిదండ్రులగుట కష్టమని అర్థము. నిజమే, బిడ్డ తానే అంగీ తొడుగుకొనుటకు పావుగంట పట్టును, తల్లి తొడిగిన అరనిముసము. ఆ పావుగంట ఓర్చుకొనుటయే కష్టము.

ఈ దృష్టి కలిగిన తరువాత వంటయిల్లే శిశువిద్యాలయమగును. పెసలు, మినుములు, కందులు కలిపి పళ్లెములో పోసి వేరు చేయుమనిన, కంటికిని వ్రేళ్లకును ఒకేమారు చదువు. ఒకదానిలో నొకటి ఇముడు గిన్నెలు కొయ్యబిళ్లలకు బదులు. మూతగల చిన్న డబ్బాలు జతలు జతలుగ తీసికొని, రెండింట బియ్యము, రెండింట చింతగింజలు, రెండింట ఇసుక పోసి, కదపి చెవితో జత కలుపుమనవచ్చును. పట్టు, నూలు, ఉన్ని గుడ్డపీలికలను కనులు మూసికొని తడవి గుర్తించుమనవచ్చును; జరీకిని పట్టునకును పేరుపడిన సూరతులో అట్టి పీలికలకు కొరతయుండదు. మన ఆడపిల్లల లక్కపిడతలు, వామనగుంటలు ఈ జాతివే. వామనగుంటలాడిన పిల్లకు నాలుగేసి గింజల లెక్క పలక పట్టకమునుపే వచ్చుచుండెను.

1923 ప్రాంతమున శ్రీమతి తారాబాయి మోడక్ రాజకోటలోని ఉద్యోగము విడిచి ఈ పనిలో చేరుట గిజుభాయి అదృష్టము. ఆమె చేరికతో ఒక బడిగా నున్నది ఉద్యమమయ్యెను. ఉపాధ్యాయుల శిక్షణకై అధ్యాపన మందిరము వెలసెను. 1925లో భావనగరమునను, 1928లో అహమ్మదాబాదునను మాంటిసోరీ సమ్మేళనములు జరిగెను. 1926లో నూతన బాలశిక్షణ సంఘము ఏర్పడెను. ‘శిక్షణ పత్రిక’ ఇంటింటికి చేరెను.

గిజుభాయి రచనలలో తెలుగువారికి పరిచితమైనది ‘దివాస్వప్న’. ‘పగటికల’ యను పేర ఇది తెలుగులోనికి వచ్చినది. ఒక ఉపాధ్యాయుడు విద్యాధికారిని బ్రతిమాలి, ప్రభుత్వ పాఠశాలలో నాల్గవ తరగతిని ఒక యేడాది ప్రయోగమునకై తీసికొనును. మొదటిదినమే మౌనపుటాట ఆడించబోయి నవ్వులపాలగును. పిల్లలు చప్పట్లతోను కేకలతోను గది ఎగురగొట్టుదురు. తన యిష్టమైన పద్ధతి తన కథానాయకుని చేతిలోనే మొదటిదినమున విఫలమైనట్లు వ్రాయగలుగుటలో గిజుభాయి నిజాయితీ యున్నది. మరునాడు అతడు కథ మొదలుపెట్టును. తరగతి దారికి వచ్చును. తోటి ఉపాధ్యాయుల ఎగతాళి, తల్లిదండ్రుల ఫిర్యాదులు, పరీక్షల బెదరింపు, అన్నియు అందులో గలవు. ఇంచుమించు ఆ తరములోనే మన చలము, తానే పాఠశాలల తనిఖీ అధికారియై, తెలుగులో ‘బిడ్డల శిక్షణ’ వ్రాసెను. ఇద్దరికిని ప్రకృతిలో పోలికలేదు. బిడ్డను కొట్టరాదను విషయమున మాత్రము ఇద్దరిదియు ఒకే మాట.

ఈ పనిలో ఒక లోటు లేకపోలేదు. బాలమందిరములకు వచ్చినవారిలో చదువుకొన్న కుటుంబముల పిల్లలే ఎక్కువ. 1931లో గాంధీమహాత్ముడు లండనులోని మాంటిసోరీ శిక్షణ కళాశాలలో ప్రసంగించినపుడు కూడ, భారతదేశపు పేదబిడ్డలకు ఈ విద్య అందవలయునన్న కోరికనే వెలిబుచ్చెను. గిజుభాయి మనస్సును ఈ విషయమే కలవరపెట్టుచుండెననుటకు 1930 నాటి శిబిరములే సాక్ష్యము. బార్డోలీ బండ్లలో దిగిన పిల్లలకు కొయ్యగోపురములు లేవు.

1936లో ఆయన దక్షిణామూర్తినుండి విడివడిరి. ఇరువదేండ్లు పెంచిన సంస్థను విడుచుట సులభముకాదు. విశ్రాంతి తీసికొనవలసిన దేహస్థితిలో నుండియు 1938లో రాజకోటలో మరల ఒక అధ్యాపన మందిరము ప్రారంభించిరి. అది నిలదొక్కుకొనకమునుపే జబ్బుపడి, 1939 జూన్ 23వ తేదీన బొంబాయిలో కన్నుమూసిరి. అప్పటికి ఏబదినాలుగేండ్లు నిండలేదు. ఆ నవంబరులోనే మాంటిసోరీ స్వయముగ భారతదేశమునకు వచ్చి, మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజమువారి ఆతిథ్యమున సుమారు 300మందికి శిక్షణ నిచ్చిరి. ఆమెను ఈ గడ్డపై చూడవలసినవారిలో మొదటివానికి ఆ భాగ్యము అయిదు నెలలలో తప్పిపోయెను.

గిజుభాయి విడిచిన లోటును పూరించుటకు పూనుకొనినది తారాబాయియే. 1936లోనే బొంబాయి చేరి దాదరులో శిశువిహారము నడపిన ఆమె, నగరమున తన పని సంపన్నుల పిల్లలకే పరిమితమగుచున్నదని అసంతృప్తి చెంది, 1945లో బోర్డీ అను సముద్రతీరపు పల్లెకు తరలిరి. సూరతునుండి బొంబాయికి పోవు రైలుమార్గమున ఘోల్వడ్ స్టేషనులో దిగిన ఆ ఊరు దగ్గరనే యున్నది. అచ్చట హరిజనుల, గిరిజనుల పిల్లలు బడికి రాకపోవుట చూచి ఆమె బడినే వారి వాకిళ్లకు తీసికొనిపోయిరి. ముంగిటి బడి గావున దానికి అంగణవాడి యని పేరు. 1975 అక్టోబరు 2వ తేదీన భారత ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ప్రారంభించినపుడు దేశమంతట వ్యాపించినది ఆ పేరే. బోర్డీలో కొయ్యబిళ్లలు కొన డబ్బులేదు. తీరమున ఏరిన గవ్వలు, గులకరాళ్లు, అడవిలో రాలిన గింజలు, ఆకులు, పూలు తెచ్చి, చాపపై పరచి, ఆమె పిల్లలను వానిని జతపరచుమనిరి.