ఘటోత్కచుని జాతికి పలుకు నేర్పిన పింగళి

విశాఖపట్నంలోని పూర్ణా మార్కెట్టు నిజమైన బజారు. అక్కడ కొన్న కూరలు, పప్పులు, పండ్లు ఇల్లు చేరిన పిదప మాయమై పోవు. తెలుగువారి మనస్సులలో మరియొక బజారు కలదు. దానిని నిర్మించినవారు రాక్షసులు. ఆ రాక్షసులకు గురువును, మర్యాదలను, మాటను కల్పించినవారు పింగళి నాగేంద్రరావుగారు.

బల్లచుట్టు కూర్చుండి, పాచికలు వేయుచు, తలకొక పాత్ర ధరించి కథ నడుపు ఆటను నేటి విద్యార్థులు కొందరెరుగుదురు. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనువారు ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తెగ ఆటలకు ఆద్యము. అందు క్రొత్త జాతిని సృష్టింపగోరువాడు దాని బలమేమి, లోపమేమి, పలుకుబడి యేమి అని ముందుగా నిర్ణయించుకొనవలెను. పింగళివారు ఆ పనిని 1957లోనే చేసి చూపినారు.

వారు 1901 డిసెంబరు 29న రాజాములో జన్మించినారు. చదువు మచిలీపట్నంలో సాగినది. కొంతకాలము ఖరగ్‌పూరులో రైల్వే కొలువు. బెంగాలీ నాటకకర్త ద్విజేంద్రలాల్ రాయ్ రచనలను తెనిగించి, ‘జేబున్నీసా’, ‘వింధ్యరాణి’ వంటి నాటకములు వ్రాసినారు. వివాహము చేసికొనలేదు. చలనచిత్రములలో పేరు వచ్చుటకు ‘గుణసుందరి కథ’ (1949) దాక ఆగవలసి వచ్చినది. అప్పటికి వారి కేబదియేండ్లు సమీపించినవి. ‘పాతాళభైరవి’ 1951లో వచ్చినది.

1957 మార్చి 27న విడుదలయైన ‘మాయాబజార్’కు దర్శకులు కె.వి.రెడ్డిగారు; మాటలు, పాటలు పింగళివారివి. శశిరేఖ కథ వ్యాసభారతమున లేదు. అది తెలుగునాట జనులు చెప్పుకొన్న కథ. భారతమున ఘటోత్కచుడు కర్ణుని శక్తికి బలి యగును. ఆ శక్తి అర్జునునిపై పడక పోయినదని కృష్ణుడు సంతోషించును. రాక్షసుడు కనుక వాని చావు అంత సులభముగా లెక్కకు వచ్చినది! పింగళివారి ఘటోత్కచునికి తల్లి కలదు, ఆశ్రమము కలదు, చిన్నమయ్య అను గురువు, లంబు జంబులను శిష్యులు కలరు. యుద్ధము రాకమునుపే కథ ముగియును.

జాతికి బలము మాయ. లోపము కూడ చక్కగా ఉంచినారు: శశిరేఖ వేషమున పెండ్లిపీటపై కూర్చున్నను రాక్షసుని మోటుతనము దాగదు, వరుడైన లక్ష్మణకుమారుని కాలు నలిగిపోవును. ఇక వారి సామగ్రిలో తల్పమునకు తోడు గిల్పము, కంబళికి తోడు గింబళి. మెప్పు పొందినవానికి వీరతాడు.

అన్నిటికంటె సాహసము భాషలోనిది. ‘అస్మదీయ’ శబ్దము సంస్కృతమున సిద్ధము. దాని కెదురుగా పుట్టించిన ‘తస్మదీయ’ ఏ వ్యాకరణమునకును లొంగదు, సాధురూపము ‘తదీయ’. తరగతిలో విద్యార్థి వ్రాసిన ఉపాధ్యాయులు ఎర్రసిరాతో కొట్టివేయక తప్పదు. కాని చిత్రమున ఘటోత్కచుడు ఆ మాటను కొట్టివేయడు, మెచ్చుకొనును. మాటలను ఎవరో ఒకరు పుట్టింపవలసినదే కదా యని వాని వాదము. పండితుల అదుపులో నుండు భాషకు, అడవిలో పెరిగిన నాలుకకు జరిగిన ఈ తగవులో పింగళివారు ఎవరి పక్షమో వేరుగా చెప్పనక్కరలేదు.

తరువాత ‘జగదేకవీరుని కథ’ (1961) మొదలైనవి వ్రాసి, 1971 మే 6న వారు కన్నుమూసినారు. ‘తస్మదీయులు’ మాత్రము తెర దిగివచ్చి, దినపత్రికల రాజకీయ వ్యాఖ్యలలో ఈనాటికిని కనబడుచున్నది.