మందుల్లేని రోజుల్లో ట్రూడో వైద్యం

ట్రూడో అనగానే మీకు కెనడా గుర్తొస్తుంది. ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ ట్రూడో మాత్రం అమెరికా వైద్యుడు. 1848లో న్యూయార్క్‌లో పుట్టారు. 1865లో అన్నయ్యకు క్షయ వస్తే దగ్గరుండి సేవ చేశారు. కిటికీలు తెరవొద్దన్నది అప్పటి డాక్టర్ల మాట. మూసిన గదిలో రాత్రీపగలూ రోగి పక్కనే గడిపారు. కొద్ది నెలల్లోనే అన్నయ్య పోయారు.

1871లో వైద్య పట్టా, 1873లో తనకూ క్షయ. ఇక బతకనని తేల్చుకుని, వేట మీద ఇష్టంతో అడిరాండాక్ కొండలకు వెళ్లారు. అక్కడ ఆకలి పుట్టింది, బరువు పెరిగారు. ఊళ్లోకి వస్తే జబ్బు తిరగబెట్టేది. చివరికి సారనాక్ లేక్‌లో స్థిరపడి, 1885లో ఎర్ర రంగు చిన్న కుటీరం ఒకటి కట్టారు. తొలి రోగులు ఫ్యాక్టరీలో పనిచేసే అక్కచెల్లెళ్లిద్దరు. తర్వాత కూడా ఒకే పెద్ద భవనం కాకుండా విడివిడి కుటీరాలే వేయించారు. మంచు కురిసే రోజుల్లోనూ రోగులు దుప్పట్లు కప్పుకుని వరండాలో పడుకునేవారు.

ఆయన చేసిన కుందేళ్ల ప్రయోగం నాకు భలే ఇష్టం. ఐదింటికి క్షయ క్రిములు ఎక్కించి చీకటి, ఇరుకు చోట ఉంచారు. నాలుగు చచ్చాయి. మరో ఐదింటికీ క్రిములు ఎక్కించి ఒక దీవిలో స్వేచ్ఛగా వదిలారు. ఒక్కటే చచ్చింది. ఇంకో ఐదింటిని క్రిములు ఎక్కించకుండా చీకట్లో పెట్టారు. చిక్కిపోయాయి గానీ క్షయ రాలేదు. పదిహేను కుందేళ్లతో ఏం తేలుతుందని మీరు అడగొచ్చు, న్యాయమే. కానీ తెలివంతా ఆ మూడో గుంపులో ఉంది. చెడ్డ పరిసరాలు ఒంటిని నీరసపరుస్తాయి, క్రిమి లేనిదే క్షయ మాత్రం రాదు.

మంచి గాలి, తిండి, విశ్రాంతి ఒంటికి బలమిస్తాయే తప్ప క్రిమిని చంపలేవు. 1893లో ఆయన కూతురు క్షయతోనే పోయింది. 1915లో ఆయనా అంతే.

స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వచ్చాక, 1954లో ఆ శానటోరియం మూతపడింది. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. పేద రోగుల్లో సగం మందిని శానటోరియంలో, సగం మందిని ఇరుకిళ్లలోనే ఉంచి, అందరికీ ఒకే మందులిచ్చారు. ఏడాదికి ఫలితాలు ఇంచుమించు సమానం. ఇంట్లోవాళ్లకు అదనంగా సోకిందీ లేదు.

అందుకే మా ఓపీలో టీబీ అని చెప్పగానే, కొండ ప్రాంతానికి తీసుకెళ్లమంటారా అని మీరడిగితే వద్దనే అంటాను. మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. చెప్పినన్ని నెలలూ మానకుండా వేసుకోవాలి. ఇంట్లో కిటికీలు మాత్రం తెరిచే ఉంచండి, దగ్గినప్పుడు గాల్లో చేరే క్రిములు పలచబడతాయి.